గడ్డకట్టే చలిలో క్యాంపర్‌వ్యాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం డెన్వర్‌లో ఉంటాం. క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య ఆఫీసు మూసేసే ఆ వారం రోజులు, ఏటా క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడక, స్టవ్ ఉండే వ్యాన్) తీసుకుని దక్షిణ యూటా, ఉత్తర అరిజోనా వైపు వెళ్తాం. మోయాబ్, బ్రైస్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్ చుట్టుపక్కల తిరుగుతాం. మొదటి రెండేళ్లు అద్దె వ్యాన్, ఆ తర్వాత సొంతది. నవంబర్ రాగానే తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. సున్నా నుంచి మైనస్ 15 సెల్సియస్ దాకా, అంటే 32 నుంచి 5 ఫారెన్‌హీట్ దాకా పడే రాత్రులకు ఈ జవాబులు సరిపోతాయి. అలాస్కా, ఉత్తర కెనడా చలి వేరే లెక్క, దాని గురించి ఇక్కడ రాయడం లేదు.

అంత చలిలో వ్యాన్‌లో పడుకోవడం అసలు కుదిరే పనేనా?

కుదురుతుంది. మంచి హీటర్ ఉంటే బయట మైనస్ 12 ఉన్నా లోపల స్వెట్టర్ లేకుండా కూర్చోవచ్చు. వ్యాన్ లోపలి గాలి చాలా తక్కువ కాబట్టి పావుగంటలో వేడెక్కుతుంది. అందరూ చలి గురించే భయపడతారు కానీ, మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టింది చలి కాదు, తడి. లోపల పొడిగా ఉంటే సగం కష్టం పోయినట్టే. కింద చాలా జవాబుల్లో మళ్లీ మళ్లీ తడి దగ్గరికే వస్తాను, అది అంత ముఖ్యం.

అక్కడ నిజంగా ఎంత చలి ఉంటుంది? అరిజోనా అంటే ఎడారి కదా?

ఎడారే, కానీ ఎత్తైన ఎడారి. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. బ్రైస్ కాన్యన్ అంచు 2,400 నుంచి 2,700 మీటర్ల మధ్య ఉంటుంది. మోయాబ్ ఊరు దాదాపు 1,200 మీటర్లే. అందుకే ఒకే రోజు మోయాబ్‌లో టీ షర్ట్ మీద జాకెట్ చాలు, బ్రైస్‌లో ముక్కు గడ్డకడుతుంది. జనవరిలో బ్రైస్ రాత్రులు మైనస్ 10 దాకా పడటం మామూలే, అంతకంటే దిగిన రాత్రులూ చూశాం.

ఇంకో సంగతి. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది, నిజమే. కానీ గాలి లేని, మబ్బు లేని రాత్రి చల్లగాలి బరువుగా జారి పల్లంలో చేరుతుంది. అలాంటి రాత్రి లోయ అడుగున ఆపిన వ్యాన్ కంటే కొంచెం మెట్టమీద ఆపిన వ్యాన్ వెచ్చగా ఉంటుంది. వాగు పక్కన చోటు ఎంత అందంగా కనిపించినా చలికాలంలో అక్కడ ఆపకండి.

ఏ హీటర్ ఉండాలి?

బయటి గాలి పీల్చి, కాలిన పొగను గొట్టం ద్వారా బయటికే వదిలి, లోపలికి వేడిగాలి మాత్రమే పంపే హీటర్ ఉండాలి. వెబాస్టో, ఎస్పార్, ట్రూమా లాంటివి ఇలా పనిచేస్తాయి. కొన్ని డీజిల్‌తో, కొన్ని పెట్రోల్‌తో, కొన్ని ప్రొపేన్‌తో నడుస్తాయి. వీటిలో మంట మండే గది, మనం పీల్చే గాలి ఒకదానితో ఒకటి కలవవు. వేడిగాలి పొడిగా కూడా ఉంటుంది.

చిన్న సిలిండర్‌కు బిగించి లోపలే వెలిగించే ప్రొపేన్ హీటర్లు చవకగా దొరుకుతాయి. వాటితో పడుకోవద్దని గట్టిగా చెప్తాను. అవి లోపలి ఆక్సిజన్‌నే వాడుకుంటాయి, పొగను లోపలే వదులుతాయి. పైగా ప్రొపేన్ కాలితే నీరు పుడుతుంది: ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి. వేడి కోసం వెలిగించిన హీటరే గోడలన్నీ తడిపేస్తుంది.

డీజిల్ హీటర్ అయితే ఎత్తు గురించి తెలుసుకోండి. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది, డీజిల్ మాత్రం అంతే వస్తుంది, సరిగా కాలక లోపల మసి పేరుకుంటుంది. ఎత్తుకు తగ్గట్టు ఇంధనాన్ని సర్దుకునే హీటర్లు ఉన్నాయి, కొన్నిటికి సెట్టింగ్ మార్చాలి. బ్రైస్ ఎత్తుకు ఇది పట్టించుకోవాల్సిన విషయమే. వారానికి ఒకసారైనా హీటర్‌ను అరగంట ఫుల్ మీద నడిపితే మసి తగ్గుతుంది. రోజంతా సన్నగా నడపడమే దానికి ఎక్కువ చేటు.

ఇంజన్ ఆన్ చేసి పడుకుంటే సరిపోదా?

వద్దు. ఇంధనం వృథా, పక్కవాళ్లకు ఇబ్బంది, చాలా క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి నిషేధం. వీటన్నిటికంటే ముఖ్యం, రాత్రి మంచు పడి సైలెన్సర్ గొట్టం చుట్టూ పేరుకుంటే పొగ బయటికి పోయే దారి మూసుకుంటుంది, వ్యాన్ కిందినుంచి లోపలికి వస్తుంది. హీటర్ పొగగొట్టానికీ ఇదే వర్తిస్తుంది. మంచు పడే రాత్రి పడుకునే ముందు ఒకసారి, మధ్యలో మెలకువ వస్తే ఒకసారి బయటికెళ్లి ఆ గొట్టం చుట్టూ చేత్తో మంచు తీసేయండి. బద్ధకించకండి.

కార్బన్ మోనాక్సైడ్ అంటే అందరూ భయపెడతారు. నిజంగా అంత ప్రమాదమా?

నిజంగానే. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. తలనొప్పి, వికారం, మత్తు, అంతే. జలుబు అనుకుని పడుకుంటే లేవరు. వ్యాన్‌లో ఒకరికి తలనొప్పి వస్తే అలసట కావచ్చు. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఇంకేం ఆలోచించకుండా తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి, 911కి (అమెరికాలో అత్యవసర నంబరు) ఫోన్ చేయండి. ఎంత చలిగా ఉన్నా సరే.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. వ్యాన్‌లో బిగించినది ఉన్నా, బ్యాటరీతో నడిచేది ఇంకోటి కొని మంచం దగ్గర పెట్టుకోండి. మేం అద్దెకు తీసుకున్న ఒక వ్యాన్‌లో అలారం గడువు తేదీ ఎప్పుడో అయిపోయింది. అప్పటినుంచి మాది మేం తీసుకెళ్తాం. ప్రొపేన్ లీక్ అలారం వేరు. ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి అది కింద, నేల దగ్గర ఉండాలి.

స్టవ్ వెలిగించి వ్యాన్ వేడి చేసుకోవడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం: ఈ రెండూ ఎప్పుడూ చేయకండి. మన ఊళ్లలో చలికాలం కుంపటి పెట్టుకుని గది తలుపులు మూసి పడుకుని పోయినవాళ్ల వార్తలు మనం విన్నవే. వ్యాన్ ఆ గది కంటే చిన్నది.

పొద్దున్న లేచేసరికి గోడలు, అద్దాలు నీళ్లు కారుతున్నాయి. ఎందుకు? ఏం చేయాలి?

ఇదే అసలు ప్రశ్న. మొదటి ఏడాది బ్రైస్ దగ్గర మూడో రాత్రి, మా పరుపు కిందిభాగం చేత్తో పిండితే నీళ్లు వచ్చేంతగా తడిసింది. పైకప్పు ఎక్కడో కారుతోందని ఇద్దరం టార్చ్ పట్టుకుని గంటసేపు వెతికాం. కారడం లేదు. అవి మా ఊపిరి నీళ్లే.

ఒక మనిషి ఊపిరితో, చెమటతో రాత్రంతా కలిపి పావు లీటరుకు పైగా నీటిని గాలిలోకి వదులుతాడు. నలుగురు పడుకుంటే లీటరు దాటిపోతుంది. వెచ్చని గాలి ఆ తేమను మోస్తుంది. ఆ గాలి చల్లని అద్దాన్నో, ఇనుప రేకునో, పరుపు కింది చెక్కనో తాకగానే నీళ్లుగా మారుతుంది. బయట మైనస్ 10 ఉంటే అదే నీరు లోపలే గడ్డకట్టి, పొద్దున్న ఎండకు కరిగి కారుతుంది. ఒక రాత్రికి పెద్దగా తెలియదు. మూడు రాత్రులకు దుప్పట్లు చెమ్మగా ఉంటాయి, ఆ చెమ్మ దుప్పటి వెచ్చగా ఉంచదు. వారానికి బూజు వాసన. చలి భరించలేక ట్రిప్ మధ్యలో వెనక్కి వచ్చామని చెప్పినవాళ్లలో చాలామందికి అసలు కారణం తడిసిన పరుపే అని నాకు గట్టి నమ్మకం.

మేం చేసేది ఇది. పైకప్పు ఫ్యాన్ మూత ఒక అంగుళం ఎత్తి, ఫ్యాన్ అన్నిటికంటే తక్కువ వేగంలో రాత్రంతా నడుపుతాం. ముందు కిటికీ ఒకటి వేలెడంత దించుతాం. గాలి కింద లోపలికి వచ్చి పైనుంచి తేమతో బయటికి పోవాలి. తడిసిన బూట్లు, జాకెట్లు లోపల ఆరబెట్టం, ముందు సీట్ల దగ్గర ఒక సంచిలో పెడతాం. వంట చేసేటప్పుడు ఫ్యాన్ పెంచుతాం, గిన్నె మీద మూత తీయం. పరుపు కింద చెక్క నేరుగా తగలకుండా గాలి ఆడే జాలీ పరిచాం, పొద్దున్నే పరుపు ఎత్తి గోడకు ఆనిస్తాం. లేవగానే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలు, తలుపు అంచులు తుడిచి, గుడ్డ బయట పిండుతాం. ఈ తుడిచే పని మా పిల్లలది, రోజూ వాళ్లే చేస్తారు.

తేమ పీల్చే ఉప్పు డబ్బాలు దుకాణాల్లో దొరుకుతాయి. రాత్రికి లీటరు నీటి ముందు అవి చాలవు.

కిటికీ తెరిస్తే వేడంతా పోతుంది కదా?

కొంత పోతుంది. దానికి బదులు హీటర్ కొంచెం ఎక్కువ కాలుస్తుంది, అంతే. పొడిగా ఉన్న 14 డిగ్రీలలో హాయిగా నిద్ర పడుతుంది, చెమ్మగా ఉన్న 20 డిగ్రీలలో పట్టదు. ముక్కు వరకు కప్పుకుని కిటికీ కొంచెం తెరిచి పడుకోండి, ఒక్క రాత్రి ప్రయత్నిస్తే తేడా మీకే తెలుస్తుంది. దుప్పటి లోపల తల పెట్టి ఊపిరి వదలకండి, ఆ తేమంతా దుప్పట్లోకే పోతుంది.

కిటికీలకు ఏం కట్టాలి?

వ్యాన్ వేడి చాలావరకు అద్దాల నుంచే, ముఖ్యంగా ముందు అద్దం నుంచి పోతుంది. గోడల్లో దూది లాంటి ఇన్సులేషన్ ఉంటుంది, అద్దంలో ఏమీ ఉండదు. అద్దం కొలతకు కుట్టిన మందపాటి తెరలు అయస్కాంతాలతో అతుక్కునేవి దొరుకుతాయి. అద్దె వ్యాన్‌లో లేకపోతే వెండి రంగు బుడగల షీటు హార్డ్‌వేర్ షాపులో కొని కత్తెరతో కత్తిరించుకోవచ్చు. ముందు సీట్లకూ పడక గదికీ మధ్య మందపాటి దుప్పటి ఒకటి వేలాడదీస్తే ఇంకా తేడా ఉంటుంది. కిటికీకి పెట్టిన తెర వెనక అద్దం మీద మంచు కడుతుంది, పొద్దున్న తెర తీసేటప్పుడు గుడ్డ చేతిలో ఉంచుకోండి.

బ్యాటరీ రాత్రంతా వస్తుందా?

రావాలి, ఎందుకంటే డీజిల్ హీటర్‌కు కూడా కరెంటు కావాలి. వెలిగేటప్పుడు కొన్ని నిమిషాలు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, ఆ తర్వాత 1 లేదా 2 చాలు. శీతాకాలం రాత్రి 14 గంటలు. హీటర్ ఒక్కటే 20, 25 ఆంప్-అవర్లు (బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క) తింటుంది. ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు, ఫోన్లు కలిపితే దానికి రెట్టింపు. 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే ఒక రాత్రికి భయం లేదు.

చిక్కంతా ఛార్జింగ్‌లో ఉంది. వ్యాన్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. మంచి బ్యాటరీల్లో ఉండే రక్షణ సర్క్యూట్ ఆ చలిలో ఛార్జింగ్‌ను తనే ఆపేస్తుంది. అప్పుడు జనం బ్యాటరీ పోయిందని టెన్షన్ పడతారు. పోలేదు, చల్లబడింది. మంచం కింద బ్యాటరీ పెట్టె మూత తెరిచి వేడిగాలి తగిలేలా చేస్తే గంటా రెండు గంటల్లో మామూలవుతుంది. తనను తాను వేడి చేసుకునే బ్యాటరీలు కూడా వస్తున్నాయి. వాడుకోవడానికి మాత్రం మైనస్ 20 దాకా ఇబ్బంది లేదు.

పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న వ్యాన్ అయితే దాన్ని ఖాళీ కానివ్వకండి. నిండుగా ఉన్న బ్యాటరీ గడ్డకట్టదు, ఖాళీ అయినది మాత్రం మైనస్ 10 లోపే గడ్డకట్టి పగలొచ్చు.

సోలార్ ప్యానెల్స్ ఉన్నాయి, చాలవా?

డిసెంబర్‌లో చాలవు. పగలు తొమ్మిదిన్నర గంటలే, సూర్యుడు ఆకాశంలో కిందుగా తిరుగుతాడు, పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కు ఏటవాలుగా తగులుతాడు. మీద రెండంగుళాల మంచు పడితే సున్నా. రోజుకు గంటా రెండు గంటలు బండి నడిపితే ఇంజన్ నుంచి బ్యాటరీ నిండేలా ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రెండు రాత్రులకు ఒకసారి కరెంటు ప్లగ్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపండి.

నీళ్లు గడ్డకట్టకుండా ఎలా?

అద్దె కంపెనీలు చాలావరకు చలికాలంలో వ్యాన్ నీటి పైపులు ఖాళీ చేసి, గులాబీ రంగు ఆంటీఫ్రీజ్ (గడ్డకట్టని ద్రవం) పోసి ఇస్తాయి. అంటే కుళాయి పనిచేయదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే మంచిది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పంపునో పైపు మూలనో పగలగొడుతుంది, ఆ రిపేరు ఖర్చు మీ డిపాజిట్ నుంచే పోతుంది.

మేం సొంత వ్యాన్‌లో కూడా డిసెంబర్‌లో ట్యాంకు వాడం. ఏడు గ్యాలన్ల డబ్బాలు రెండు, మంచం పక్కన లోపలే. పొద్దున్న టీ కోసం రాత్రే కెటిల్‌లో నీళ్లు నింపి పెట్టుకోవాలి. డబ్బా మూత గడ్డకట్టినా కెటిల్‌ను స్టవ్ మీద పెడితే చాలు. తాగే సీసాలు తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు నీరుగానే ఉంటుంది.

గులాబీ ఆంటీఫ్రీజ్ ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసేది, నీటి పైపుల కోసమే. ఇంజన్లో పోసే ఆంటీఫ్రీజ్‌లో ఎక్కువగా ఉండేది ఎథిలీన్ గ్లైకాల్, అది విషం. ఇంజన్ది పొరపాటున కూడా నీటి పైపుల్లోకి పోయకండి.

టాయిలెట్, స్నానం?

స్నానం రోజూ కుదరదు. మోయాబ్ లాంటి ఊళ్లలో డబ్బు కట్టి స్నానం చేసే చోట్లు ఉన్నాయి, రెండు రోజులకు ఒకసారి అక్కడికి వెళ్తాం. మిగతా రోజులు వేడినీళ్లలో ముంచిన టవల్. పోర్టబుల్ టాయిలెట్ అయితే కింది డబ్బాలోనూ అదే గులాబీ ఆంటీఫ్రీజ్ కొంచెం పోయండి, లేకపోతే గడ్డకట్టి ఖాళీ చేయడం రాదు. ఖాళీ చేసే చోట్లు చలికాలంలో చాలావరకు మూసేస్తారు, బయలుదేరే ముందే తెరిచి ఉన్నవి చూసుకోండి.

డీజిల్ గడ్డకడుతుందట?

అవును. మామూలు డీజిల్‌లో మైనం ఉంటుంది. మైనస్ 10 దగ్గర అది తెల్లగా తేలి ఫిల్టర్‌ను మూసేస్తుంది. చలి ప్రాంతాల బంకుల్లో చలికాలం డీజిల్‌ను దానికి తగ్గట్టు కలిపి అమ్ముతారు. ఫీనిక్స్ లాంటి వెచ్చని ఊళ్లో ట్యాంకు నింపుకుని అదే రోజు బ్రైస్ ఎక్కేవాళ్లకే ఇబ్బంది. ట్యాంకు సగం ఉంచుకుని ఎత్తుమీద ఊళ్లో నింపండి, లేదా గడ్డకట్టకుండా చేసే మందు ముందే కలపండి. గడ్డకట్టాక పోస్తే లాభం లేదు.

హీటర్ ఇంధనం కూడా బండి ట్యాంకు నుంచే వస్తే, చాలా వ్యాన్లలో ట్యాంకు పావుకు తగ్గగానే హీటర్‌కు ఇంధనం అందదు. బండి నడుస్తుంది, హీటర్ నడవదు. అందుకే సాయంత్రం ఆపేసరికి సగానికి పైగా ఉండాలని మా నియమం.

టైర్లు, చైన్ల సంగతి?

కొలరాడోలో ఐ-70 హైవే మీద డాట్సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా అన్ని బళ్లకూ నియమం ఉంది: మంచుకు తగ్గ టైర్లో, ఫోర్ వీల్ డ్రైవో, చైన్లో, ఏదో ఒకటి ఉండాలి, టైరు గాడి అంగుళంలో పదహారింట మూడు వంతుల (3/16) లోతు ఉండాలి. డెన్వర్ నుంచి యూటా వెళ్లేవాళ్లు దాన్ని దాటాల్సిందే. టైరు పక్కన కొండ, లోపల మంచు పువ్వు గుర్తు ఉంటే నిజమైన చలికాలపు టైరు.

చైన్లు కొని డిక్కీలో పడేయడం కాదు, ఇంటిముందు పొడినేల మీద రెండుసార్లు తొడిగి చూడండి. చీకట్లో, గాలిలో, గ్లవ్స్‌తో మొదటిసారి నేర్చుకోవడం చాలా కష్టం. చలికి టైరు గాలి కూడా తగ్గుతుంది, ప్రతి 10 ఫారెన్‌హీట్‌కు సుమారు 1 పీఎస్ఐ.

రాత్రి ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకండి, తడి బ్రేకులు పట్టుకుని గడ్డకట్టొచ్చు. సమతలం మీద గేరు పార్క్ (P)లో పెట్టి చక్రాలకు చెక్కలు అడ్డం పెడితే చాలు. వైపర్లు పైకి లేపి ఉంచండి. తలుపు రబ్బర్లకు ముందే సిలికాన్ రాస్తే పొద్దున్న అతుక్కుపోవు.

రాత్రి ఎక్కడ ఆపాలి?

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో మేథర్ క్యాంప్‌గ్రౌండ్ చలికాలంలోనూ తెరిచి ఉంటుంది, కరెంటు ఉండదు. కరెంటు కావాలంటే పక్కనే ట్రైలర్ విలేజ్. నార్త్ రిమ్ చలికాలంలో మూసేస్తారు, మ్యాప్ చూసి అటు వెళ్లకండి. మామూలుగా సొంత బళ్లను రానివ్వని హెర్మిట్ రోడ్‌ను డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలల్లో సొంత బళ్లకు తెరుస్తారు. మంచు పట్టిన ఎర్రరాళ్ల పక్కన వ్యాన్ ఆపి, సొంత సీట్లో కూర్చుని టీ తాగుతూ సూర్యాస్తమయం చూడటం ఆ మూడు నెలల్లోనే కుదురుతుంది. మేం డిసెంబర్‌లో వెళ్లడానికి అదొక్కటీ చాలిన కారణం.

నేషనల్ పార్క్ పార్కింగ్‌లో రాత్రి పడుకోవడం కుదరదు. బయట ప్రభుత్వ భూముల్లో ఉచితంగా ఆపే చోట్లు ఉన్నాయి కానీ, మట్టి రోడ్డు రాత్రి గడ్డకట్టి గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నం కరిగి బురదవుతుంది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం ఇరుక్కున్నవాళ్లను మేమే రెండుసార్లు తాడు కట్టి లాగాం. తారు రోడ్డుకు దగ్గరగా ఆపండి.

ఏం కప్పుకోవాలి, ఏం వేసుకోవాలి?

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్న అంకెనే చూడండి. లిమిట్ అన్నది ముడుచుకుని ఎలాగో పడుకోగలిగేది, ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలబెట్టేది మాత్రమే. హీటర్ ఆగినా తట్టుకునేలా మైనస్ 10 కంఫర్ట్ ఉన్నది ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి. ఒంటికి తగిలే బట్ట నూలు వద్దు, చెమట పీల్చి చల్లబరుస్తుంది. ఉన్ని లేదా సింథటిక్ వేసుకోండి. మంకీ క్యాప్ పెట్టుకుని పడుకోవడానికి మొహమాటపడకండి. గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సులో దూర్చి పాదాల దగ్గర పెట్టుకుంటే తెల్లవారుజాము దాకా వెచ్చగా ఉంటుంది.

మన వంట అక్కడ ఎలా?

2,500 మీటర్ల ఎత్తులో నీరు సుమారు 91, 92 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు గిన్నెలో అన్నం ఉడకడానికి చాలాసేపు పడుతుంది, కందిపప్పుకు ఇంకా ఎక్కువ. కుక్కర్ తప్పనిసరి. విజిల్ వచ్చేటప్పుడు తలుపు తెరవండి, లేకపోతే ఆ ఆవిరంతా పైకప్పు మీదే. మేం ఇంట్లోనే పప్పు, సాంబారు వండి డబ్బాల్లో గడ్డకట్టించి తీసుకెళ్తాం, రోజుకొకటి వేడిచేసుకోవడమే. ఉప్మా రవ్వ వేయించి పోపు కలిపి పెట్టుకుంటే పది నిమిషాల పని. కొబ్బరినూనె, నెయ్యి రాయిలా ఉంటాయి, వంటకు నువ్వులనూనె తీసుకెళ్లండి. గోంగూర పచ్చడి ఏ చలికీ చెక్కుచెదరదు. ఫ్రిజ్ బయట పెట్టిన గుడ్లు, కూరగాయలు మాత్రం గడ్డకట్టి పాడవుతాయి, అక్కడ ఫ్రిజ్జే వెచ్చని చోటు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

మా అత్తయ్యగారిని, మామయ్యగారిని ఒకసారి తీసుకెళ్లాం. బీపీ, గుండె మందులు వాడేవాళ్లయితే ముందు డాక్టర్‌ను అడగండి, 2,000 మీటర్లు దాటిన చోట ఊపిరి, నిద్ర రెండూ మారతాయి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది రాత్రి రెండింటికి బాత్‌రూమ్. మైనస్ 10లో మంచు మీద నడిచి వెళ్లడం వాళ్లకు ప్రమాదం, జారితే తుంటి ఎముక. లోపల టాయిలెట్ ఉన్న వ్యాన్ తీసుకోండి, లేదా రెండు రాత్రులకు ఒకటి హోటల్‌లో ఉండండి. మేం వాళ్లను ఊళ్లో హోటల్‌లో పెట్టి పగలు వ్యాన్‌లో తిప్పాం. మామయ్యగారు కుక్కర్ పక్కన కూర్చుని కిటికీలోంచి మంచు చూస్తూ తిన్న పప్పన్నం గురించి ఇప్పటికీ చెప్తారు.

చిన్న పిల్లలు దుప్పటి తన్నేస్తారు కాబట్టి వాళ్లకు దుప్పటి కాదు, తొడుక్కునే నిద్ర దుస్తులు కావాలి.

హీటర్ అర్ధరాత్రి ఆగిపోతే?

ముందు బ్యాటరీ వోల్టేజ్ చూడండి. తగ్గితే హీటర్ తనంతట తానే ఆగిపోతుంది. సైలెన్సర్ చుట్టూ మంచు తీసి, కిటికీ తెరిచి, అరగంట ఇంజన్ నడిపి, ఇద్దరిలో ఒకరు మెలకువగా ఉండండి. తర్వాత ఇంధనం ఎంతుందో, పొగగొట్టం మూసుకుందో చూడండి. మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నిస్తే బ్యాటరీ పూర్తిగా పోతుంది, రెండుసార్లు చాలు. అందరూ ఒక మంచం మీదికి చేరి, స్లీపింగ్ బ్యాగుల్లో తెల్లారేదాకా గడపొచ్చు. అందుకే బ్యాగు హీటర్‌ను నమ్ముకుని కొనకూడదని పైన చెప్పాను.

మంచులో బండి ఇరుక్కుంటే, ఫోన్ కలవకపోతే, బండి వదిలి నడిచి వెళ్లకండి. వెతికేవాళ్లకు మనిషి కంటే వ్యాన్ తొందరగా కనిపిస్తుంది.

హిమాచల్, లద్దాఖ్‌లలో శీతాకాలం వ్యాన్‌లో వెళ్లొచ్చా?

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. స్పితికి చలికాలంలో మనాలి వైపు దారి ఉండదు, సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వెళ్లాలి. అక్కడి ముఖ్యమైన ఊరు కాజా 3,600 మీటర్ల పైన ఉంది, మైనస్ 20 దాకా పడుతుంది. చలికంటే ముందు ఎత్తు దెబ్బతీస్తుంది, దారిలో రెండు మూడు చోట్ల ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాలి. మన వంటగ్యాస్‌లో బ్యూటేన్ కూడా ఉంటుంది. ఒట్టి బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. అందుకే సిలిండర్ నిండుగా ఉన్నా అక్కడ స్టవ్ సన్నగా మండుతుంది. డీజిల్ గడ్డకట్టే సమస్య వల్లే ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చింది. మొదటి చలికాలపు ట్రిప్‌కు మాత్రం ఈ దారి ఎంచుకోవద్దు.

ముందు మన దగ్గరే ఎక్కడైనా ప్రయత్నించి చూడొచ్చా?

చూడొచ్చు, లంబసింగి. బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతారని దానికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. డిసెంబర్, జనవరిలో కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా పడతాయి, పొగమంచు దట్టంగా ఉంటుంది. డీజిల్ గడ్డకట్టదు, పైపులు పగలవు. కానీ తడి ఎలా పట్టుకుంటుందో పూర్తిగా తెలుస్తుంది. ఒక రాత్రి కిటికీలన్నీ మూసి, మరుసటి రాత్రి వేలెడంత తెరిచి పడుకోండి. రెండు పొద్దుటలూ పరుపు ఎత్తి చేత్తో తడిమి చూడండి.